పదకొండు అంగలు

ప్రధాన కార్యాలయం, నాలుగో అంతస్తు
ఫిబ్రవరి 3

పెద్దమ్మా,

ఫోన్ చేస్తే నువ్వు నాలుగుసార్లు "ఆ? ఆ?" అని, అయిదోసారి "సరేలే, మంచిది" అని పెట్టేస్తావు. ఏది మంచిదో నీకూ తెలియదు, నాకూ తెలియదు. అందుకే కాగితం పట్టుకున్నాను. చెవులు మొరాయించినా నీ కళ్ళు ఇంకా సూదిలో దారం ఎక్కిస్తాయి కదా.

కబురేమిటంటే, మన కాలనీ వెనక మైదానం కింద వెళ్ళే గ్యాస్ గొట్టం పక్కనే ఇంకో గొట్టం వేయాలని మా కంపెనీ నిర్ణయించింది. ఊళ్ళు పెరిగాయి, ఒక్కటి చాలడం లేదు. రెండోది ఏ దారిన వెళ్ళాలో గీసే పని నాకు అప్పగించారు. బల్ల మీద పటం పరిచి చూస్తే మొట్టమొదట కంటికి ఆనింది ఏడో వరస. నన్ను పదకొండేళ్ళు పెంచిన ఇల్లు పటంలో నా చిటికెన వేలి గోరంత ఉంది.

అమ్మ ఉద్యోగం ఊరూరా తిరిగేదయ్యి నన్ను నీ దగ్గర వదలకపోతే నాకీ కుర్చీ వచ్చేది కాదు. సెలవు రోజున పెద్దనాన్న వెనకాల గొట్టం మీది గుర్తు రాయి నుంచి గుర్తు రాయికి అంగలు లెక్కపెడుతూ నడిచానే, అదే నా చదువు. ఆ లెక్కకే కదా నాకు కొలబద్ద అని పేరు పెట్టాడు. ఇక్కడ కొత్తగా చేరిన, గొట్టం వెంట నడిచి కాపలా కాసే లైన్ మనుషులకు పాఠాలు చెప్పే గదిలో ఆయన ఫోటో ఉంది. కింద "ముప్పై ఒక్క ఏళ్ళు, రోజూ పద్నాలుగు కిలోమీటర్లు, ఒక్క ప్రమాదం లేదు" అని రాసి ఉంటుంది. రోజూ ఒకసారి తలుపు తోసి చూసి వస్తాను.

ఒక చిన్న సందేహం. పైనుంచి తీసిన ఫోటోల్లో మన ఇంటి వెనక బట్టల తీగల గుంజలు అన్నీ తిన్నగా పోక, ఒకచోట పక్కకు తప్పుకుని మళ్ళీ వరసలోకి వచ్చాయి. అక్కడ ఒక్క చెట్టు కూడా లేదు, నీ పాలకూర మడి తప్ప. ఎందుకలా? కాలనీవాళ్ళు కొత్త గొట్టం గురించి ఏమనుకుంటున్నారో కూడా రాయి.

నీ
కొలబద్ద

*

ఏడో వరస, చివరి ఇల్లు
ఫిబ్రవరి 11

కొలబద్దకు పెద్దమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమమని రాయడం మర్యాద కనక రాస్తున్నాను. నా ఎడమ మోకాలు మాత్రం ఆ మర్యాద పాటించడం లేదు. నువ్వు పంపిన వేడి సంచీ పెట్టుకుంటే రెండు గంటలు మాట వింటోంది. సంచీ సంగతి అలా ఉంచు, గుర్తుపెట్టుకుని పంపావు చూడు, అందుకు నా కడుపు నిండింది.

నీ ఉత్తరం పక్కింటి దర్జీ అమ్మాయికి చదివి వినిపించాను. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికి ఏడు వరసలకూ తెలిసిపోయింది. ఒక గొట్టంతో ఇన్నేళ్ళు ఎలాగో కాపురం చేశాం, ఇప్పుడు దానికి సవతిని తెస్తారా అని రిటైరైన కాంపౌండరు వచ్చి నా మీద కేకలేశాడు, నేనేదో పెళ్ళి పెద్దనైనట్టు. నిజానికి ఆయనకు భయం. అందరికీ భయమే. మీ పెద్దనాన్న ఉన్నన్నాళ్ళూ ఎవరికే అనుమానం వచ్చినా "గొట్టంగారిని అడుగు" అనేవారు. ఆ పేరు పెట్టి పిలిస్తే ఆయనకు కోపం కూడా వచ్చేది కాదు, పైగా పలికేవారు. ఇప్పుడు అడగడానికి ఆయన లేరు. పదకొండేళ్ళైంది.

ఆకాశంలోంచి చూసి ఆడవాళ్ళ బట్టల తీగలు లెక్కపెట్టడమా నీ ఉద్యోగం? ఎవరికి ఎక్కడ ఎండ బాగా తగిలితే అక్కడ గుంజ పాతుకున్నారు. అందులో ఏముందిలే.

కొత్తదాన్ని మైదానానికి అవతల, పాత గోదాముల వైపునుంచి తీసుకెళ్ళలేరా? ఊరికే అడిగాను.

పెద్దమ్మ

*

ప్రధాన కార్యాలయం, నాలుగో అంతస్తు
మార్చి 9

పెద్దమ్మా,

మొన్న కొత్త గొట్టం మీటింగుకు వచ్చినప్పుడు నువ్వు పెట్టిన అన్నం ఇంకా అరగలేదు. ఉన్నది ఒక్క పూట, పెట్టింది మూడు పూటల తిండి. బస్సులో డ్రైవరు నా డబ్బా వాసన పట్టి, ఇది ఏడో వరస చివరి ఇంటిదే కదా అన్నాడు. ఇన్నేళ్ళుగా నీ చేతి తిండి అతనికీ అలవాటే అన్నమాట.

కమ్యూనిటీ హాల్లో అంతమంది వస్తారనుకోలేదు. కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. కాంపౌండరుగారు అడిగిన ఒక్కో ప్రశ్నకూ నా దగ్గర జవాబుంది కానీ, దర్జీ అక్క లేచి తన పిల్లలు పడుకునే గది గోడకు మీ గొట్టం ఎన్ని అంగల దూరమని అడిగినప్పుడు మాత్రం మళ్ళీ పటం కేసి చూసుకోవలసి వచ్చింది. అంగల్లో అడిగేసరికి నాకు పెద్దనాన్న గుర్తొచ్చాడు. అప్పుడే ఆయన సంగతి చెప్పాను. ఈ కాలనీ గొట్టంగారి చేతుల్లో ముప్పై ఒక్క ఏళ్ళు భద్రంగా ఉంది, ఆ రాళ్ళనే ఆధారం చేసుకుని కొత్త దారి గీశాను అన్నాను. ఎంత గట్టిగా చప్పట్లు కొట్టారో చూశావు కదా. నువ్వు మాత్రం ముందు వరసలో కూర్చుని నీ చెప్పుల కేసి చూస్తూ ఉండిపోయావు. ఆయన గుర్తొచ్చి ఉంటాడని నేనూ ఏమీ అనలేదు.

గోదాముల వైపు వీలుకాదని అక్కడ చెప్పాను కదా. ఇళ్ళ వైపు దారే ఖాయం చేశాం. కొత్త గొట్టం గుర్తు రాళ్ళ నుంచి ఇళ్ళ వైపుకు సరిగ్గా ఎనిమిది మీటర్ల దూరంలో వెళుతుంది. ఈ నెల ఇరవై ఒకటిన మట్టి పరీక్షకు బోరు బండి వస్తుంది. నాలుగు చోట్ల లోతుగా తొలిచి మట్టి తీస్తారు. రెండోది మన ఇంటి వెనకే, నీ పాలకూర మడిలో. మడి పాడవుతుంది, క్షమించు. మళ్ళీ విత్తనాలు నేనే తెచ్చి చల్లుతాను.

అక్కడ భూమిలో ఇనుము వెతికే యంత్రం కాసేపు కుయ్యోమంది. పైన పెద్ద కరెంటు తీగలున్నాయి కదా, వాటి గోల అయి ఉంటుందని మా సర్వేయరు అన్నాడు. నాకూ అదే అనిపించింది. రాళ్ళు ఉన్నచోట గొట్టం ఉంటుంది. పెద్దనాన్న పాతిన రాయిని కాదని యంత్రాన్ని ఎలా నమ్మను?

నీ
కొలబద్ద

*

ఏడో వరస, చివరి ఇల్లు
మార్చి 14

ముందు ఇది చదువు. బోరు వేయవద్దు. గొట్టం పాలకూర మడి కిందే ఉంది.

నీ ఉత్తరం ఇవాళ పొద్దున్నే అందింది. పోస్టులో వేస్తే ఎప్పటికి చేరుతుందో అని ఇది బస్సు డ్రైవరు చేతికిచ్చి, నీ చేతిలోనే పెట్టమని ఒట్టు వేయించుకున్నాను. ఫోన్లో చెప్పి, నువ్వన్నది నేను తప్పుగా విని, విన్నావనుకుని పెట్టేస్తే ఏం గతి?

మీ పటాల్లో గొట్టం తిన్నగా ఉంటుంది. నిజంలో అలా లేదు. గొట్టం వేసిన ఏడాది మన ఇంటి వెనక భూమిలో పెద్ద బండ అడ్డొచ్చింది. పగలగొట్టలేక దాన్ని చుట్టి, ఇళ్ళ వైపుకు వంచి తీసుకెళ్ళారు. పటం దిద్దాలని ఎవరికీ తోచలేదు. మీ పెద్దనాన్న అప్పుడు కూలీలతో ఉన్నారు కనక ఆయనకు తెలుసు. ఆ వంపు మీదే గుర్తు రాయి పాతారు. అది పిల్లలు ఆడుకునే చోట అడ్డంగా ఉండేది. కొన్నేళ్ళకు ఆయన దాన్ని పెకిలించి, మిగతా రాళ్ళ వరసలో పాతారు. ఒక్క రోజు కోసమే అనుకున్నారు. పైవాళ్ళకు రాసి, అనుమతి తెచ్చుకుని, ఏదో ఒకటి చేద్దామనుకున్నారు. ఆ వారమే తనిఖీకి ఇన్స్పెక్టరు వచ్చాడు. రాయి పటంతో సరిపోయింది. ఇంత తిన్నగా ఏ లైన్లోనూ లేవని మెచ్చుకుని వెళ్ళాడు. ఆ మెప్పు ఆయన గొంతులో అడ్డం పడింది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఏళ్ళు గడిచిపోయాయి.

చెప్పలేదు కానీ మరిచిపోలేదు. పదకొండు అంగలని తన పుస్తకంలో రాసుకున్నారు. రాయి దగ్గర నడక ఆపి, రోజూ ఈ పదకొండు అంగలూ పక్కకు వచ్చి, అసలు గొట్టం మీదే నడిచేవారు. అక్కడ ఆకుకూర తప్ప ఏమీ వేయవద్దు, గునపం దిగనివ్వవద్దు అని నాకు అప్పగించారు. వరసలోకి కొత్తగా ఎవరు దిగినా మొదటి రోజే నేను వెళ్ళి బట్టల గుంజ ఎక్కడ పాతాలో చూపించేదాన్ని. చాదస్తపు ముసలిది అనుకున్నా సరే, మాట విన్నారు. ఆయన పోయాక కూడా ఒక్క గుంజ అటు దిగనివ్వలేదు. నీ ఆకాశపు ఫోటోలో కనపడింది అదే. నేను నీకు ఎండ అనీ అదనీ రాశాను. అబద్ధం రాశాను.

మీటింగులో లేచి చెబుదామనే ముందు వరసలో కూర్చున్నాను. నువ్వు ఆయన పేరెత్తావు, వాళ్ళు చప్పట్లు కొట్టారు, నా నోరు పడిపోయింది. ఆయనకు దొరికిన గౌరవం ఆ ఒక్క ఫోటోనే. తీసేస్తే తీయనీ. నలభై ఇళ్ళు ఉన్నాయి ఇక్కడ. ఆయన పుస్తకంలో ఆ పేజీ చింపి ఇందులో పెట్టాను.

పెద్దమ్మ

*

ప్రధాన కార్యాలయం, నాలుగో అంతస్తు
మార్చి 24

పెద్దమ్మా,

డ్రైవరు ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. లోపలికి రానివ్వలేదట, అయినా ఎవరి చేతికీ ఇవ్వలేదు. నాకిచ్చి, మళ్ళీ బస్సుకు టైమైందని పరిగెత్తాడు. కనపడితే అతనికి నా దండం చెప్పు.

బోరు ఆపించాను. ఆ తర్వాత మేం వచ్చి ఏం చేశామో నువ్వు కిటికీలోంచి చూస్తూనే ఉన్నావు, కానీ గుంట దగ్గర నాకేమైందో నీకు తెలియదు. రాయి దగ్గర నిలబడి నేనే అంగలు వేశాను. పదకొండో అంగ నీ మడి మధ్యన పడింది. చిన్నప్పుడు ఆయన ఇక్కడ ఇంటి వైపు తిరిగితే మంచినీళ్ళకనుకునేదాన్ని, నా కాళ్ళకు ఇరవై పట్టేది. చేతి పారలతో మెల్లగా తీయించాను. నడుంలోతులో గొట్టం నల్ల పూత కనపడింది. చెయ్యి పెడితే చల్లగా ఉంది. బోరు బండి ముక్కు సరిగ్గా అక్కడే దిగేది, పెద్దమ్మా. నువ్వు కిటికీ దగ్గర ఉన్నావు, దర్జీ అక్క కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది. నేను ఆ గుంట గట్టు మీదే కూర్చుండిపోయాను.

పెద్దనాన్న మీద చాలా కోపం వచ్చింది. ఇన్నేళ్ళూ ఆయన నాకు చెప్పిన ఒకే ఒక్క పాఠం "రాయి అబద్ధం చెప్పదు" అని. రెండు రోజులు ఫోటో గదికి వెళ్ళలేదు. మూడో రోజు వెళ్ళి నిలబడితే కోపం రాలేదు. తప్పు చేసిన చోటుకే రోజూ నడిచివెళ్ళి కాపలా కాసిన మనిషి మీద ఎంతసేపని కోప్పడను? ఆయన తర్వాత ఆ కాపలా నువ్వు కాశావు. జీతం లేదు, చొక్కా మీద పేరు లేదు. నలభై ఇళ్ళ తరఫున ఎవరూ నీకు చెప్పరు కనక నేను చెబుతున్నాను. నీకు రుణపడి ఉన్నాం.

ఇప్పుడు నా వంతు. నేనూ ఒకటి దాచాను. గోదాముల వైపు వీలుకాదని హాల్లో చెప్పాను కదా, వీలవుతుంది. గోదాములవాళ్ళ అనుమతికి నాలుగు నెలలు పడుతుంది, అంతే. గడువులోగా ముగించి శభాష్ అనిపించుకోవాలని, దగ్గరి దారి గీసి, లేని అడ్డంకి చెప్పాను. ఇన్స్పెక్టరు మెప్పు పెద్దనాన్నను ముంచితే, రాని మెప్పు కోసమే నేను మునిగాను. ఈ విషయం మా చీఫ్‌కు కూడా చెప్పేశాను. చీఫ్ ఆ పుస్తకం పేజీ మూడుసార్లు చదివి, తిట్టవలసిందంతా తిట్టి, చివరికి ఒక్క మాట అన్నాడు. "ఆయన తప్పు రాయండి, ఆయన కాపలా కూడా రాయండి. ఒకటి రాసి ఒకటి వదిలితే ఒప్పుకోను." కొత్త గొట్టం గోదాముల వైపుకే మారుస్తున్నాం.

నివేదికలో ఒక్క గడి ఖాళీగా మిగిలింది. "రాయి మార్చడానికి కారణం" అని. పిల్లలకు అడ్డం అంటే సరిపోదంటున్నారు. అడ్డం అయితే మొదటి ఏడాదే తీసేవాడు కదా. పుస్తకంలో తేదీ చూస్తే నాకు అప్పుడు ఏడేళ్ళు. ఆ రోజు ఏం జరిగింది?

నీ
కొలబద్ద

*

ఏడో వరస, చివరి ఇల్లు
ఏప్రిల్ 1

కొలబద్దకు,

నీ ఎడమ కనుబొమ్మ మీద చెయ్యి పెట్టి చూసుకో.

మెట్ల మీంచి పడ్డావని చెప్పాం. మన ఇంటికి ఉన్నవి రెండు మెట్లు, రెండు మెట్ల మీంచి పడితే మూడు కుట్లు పడతాయా అని నువ్వు ఎన్నడూ అడగలేదు. కొలతలన్నీ నీవే, ఇది మాత్రం కొలవలేదు.

కళ్ళకు గంతలు కట్టుకుని ఆడుతున్నారు. నీ వంతు వచ్చింది. చేతులు చాచుకుని పరిగెత్తి ఆ రాయి అంచుకు కొట్టుకున్నావు. రాయి పెద్దవాళ్ళకు ఛాతీ ఎత్తు, నీకు సరిగ్గా నుదురు. ఇంకో వేలెడు కిందకైతే కన్నే పోయేదని కాంపౌండరు కుట్లు వేస్తూ అన్నాడు. మీ పెద్దనాన్న ఒడిలో నువ్వు ఏడ్చి ఏడ్చి నిద్రపోయావు. మీ అమ్మ కూతురిని నన్ను నమ్మి వదిలింది. దానికి నేనేం చెప్పుకోను? నాకు ఒళ్ళు తెలియలేదు. ఆ రాయి అక్కడ ఉంటే నేను ఈ ఇంట్లో ఉండను అన్నాను. ఆయన తన ఉద్యోగం సంగతి చెప్పబోతే, నీకు గొట్టం ఎక్కువా పిల్ల ఎక్కువా అన్నాను. ఆయన గునపం తీసుకుని వెళ్ళారు.

కాబట్టి నీ నివేదికలో ఆయన ఒక్కరి పేరే రాయకు. సగం నాది. నీకు చెప్పవద్దని ఆయనే అన్నారు. చెబితే లైన్ అంటే భయపడుతుంది, నా వెనక నడవడం మానేస్తుంది అన్నారు. పెద్దయ్యాక చెబుదామనుకుంటే, నువ్వు పెద్దై ఆ కంపెనీలోనే చేరావు. నీ నెత్తిన ఆ బరువు పెట్టడం ఎందుకని నేనూ ఊరుకున్నాను.

నువ్వు రుణం అని రాశావు. ఆ మాట ఇంకెప్పుడూ రాయకు. నువ్వు ఆ ఇంట్లో తిరిగిన పదకొండేళ్ళూ మాకు పిల్లలు లేరన్న సంగతి మాకే గుర్తు లేదు.

పెద్దమ్మ

*

ప్రధాన కార్యాలయం, నాలుగో అంతస్తు
ఏప్రిల్ 10

పెద్దమ్మా,

నీ ఉత్తరం చదివి ఆఫీసు బాత్రూం అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాను. రోజూ బొట్టు పెట్టుకుంటూ చూసే మచ్చే. ఆయన ముప్పై ఒక్క ఏళ్ళ నడకలో ఒక్క తప్పటడుగు ఉంటే అది నా కోసం వేసింది. ఏడుపు వచ్చింది, నవ్వు కూడా వచ్చింది. తుడిచే ఆమె భయపడి మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

గడి నింపాను. అందులో ఇలా రాశాను: "ఏడేళ్ళ పాప రాయికి కొట్టుకుని గాయపడింది. మళ్ళీ ఏ పిల్లకూ తగలకూడదని లైన్ మనిషి రాయి జరిపాడు. పై అధికారులకు చెప్పకపోవడం తప్పు. అసలు చోటును ఆయనా, ఆయన తర్వాత ఆయన భార్యా కాపాడుతూ వచ్చారు. ఆ పాపను నేనే." కింద సంతకం చేశాను. చీఫ్ చదివి, చివరి వాక్యం నివేదికకు అవసరమా అన్నాడు. అవసరమే అన్నాను. ఉంచాడు.

ఫోటో తీయలేదు. పక్కనే ఆ పుస్తకం పేజీకి అద్దం కట్టించి పెట్టారు. ముప్పై ఒక్క ఏళ్ళ లెక్క కింద ఇంకో వరస చేరింది: "రాసుకోండి. రాసుకుని ఊరుకోకండి, చెప్పండి."

వచ్చే వారం కాలనీకి వస్తున్నాను. హాల్లో అందరి ముందూ నిలబడి, అప్పుడు వీలుకాదన్నది వీలవుతుందని చెప్పాలి. కాంపౌండరుగారు ఏమన్నా పడతాను. రాయిని కూడా దాని చోట పాతిస్తాను. పాలకూర విత్తనాలు కొన్నాను.

నీ
కొలబద్ద

*

ఏడో వరస, చివరి ఇల్లు
మే 6

కొలబద్దకు పెద్దమ్మ దీవెనలు.

నువ్వు చల్లి వెళ్ళిన పాలకూర మొలకెత్తింది. ఒకచోట గుప్పెడు, ఒకచోట నాలుగు గింజలు. పటాలు గీసే చెయ్యి విత్తనాలకు పనికిరాదని తేలిపోయింది.

హాల్లో నిన్ను ఒక్క మాట కూడా అనలేదని కాంపౌండరు ఇప్పటికీ బాధపడుతున్నాడు. తప్పైందని నువ్వే ముందు అనేసరికి, తయారుచేసుకొచ్చిన ప్రశ్నల కాగితం అలాగే జేబులో ఉండిపోయిందట. ఆ కుట్లు వేసింది తనేనని మాత్రం ఊరంతా చెప్పుకుంటున్నాడు. దర్జీ అమ్మాయి తన పిల్లల గది నుంచి గోదాముల దాకా నడిచి అంగలు లెక్కపెట్టి వచ్చింది. నూట అరవై. రెండుసార్లు లెక్కపెట్టిందట, నీకు రాయమంది.

రాయి ఇప్పుడు మడి మధ్యన దాని చోట ఉంది. చూస్తే మొదట భయం వేసింది. వరసలో పిల్లలు ఇప్పుడూ పరిగెడుతూనే ఉన్నారు కదా. మీ పెద్దనాన్న పాత యూనిఫాం చొక్కాలు రెండు బీరువాలో ఉన్నాయి. ఎవరికీ ఇవ్వలేక ఉంచుకున్నాను. వాటిని కత్తిరించి, లోపల దూది కూరి, మెత్త కుట్టి, రాయి అంచు చుట్టూ కట్టాను. పైన రాయి అంకె కనపడేలా వదిలానులే, మీ రూలు నాకు తెలుసు.

నిన్న కొత్త లైన్ అమ్మాయి నడుచుకుంటూ వచ్చి ఆగింది. ఇదేమిటమ్మా, ఇక్కడ కట్టారు అని అడిగింది. ఏడేళ్ళ పిల్ల నుదురు ఈ ఎత్తుకు వస్తుంది అన్నాను. ఆ అమ్మాయి రాయి పక్కన నిలబడి ఎత్తు చూసి, తన పుస్తకం తీసి రాసుకుంది. తర్వాత ఫోన్ తీసి మీ ఆఫీసుకు చెప్పింది.

పెద్దమ్మ